రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లోనే ఇంప్లాంట్ పెడతామన్నారు, మ్యాట్రిక్స్ షీటు తప్పనిసరా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. పీలేరు దగ్గర ఉండే మీ అక్కగారికి 44 ఏళ్లు, ఎడమ రొమ్ములో క్యాన్సర్. కీమో అయిపోయింది. ఇంకో మూడు వారాల్లో రొమ్ము పూర్తిగా తీసేస్తారు. అప్పుడే సిలికాన్ ఇంప్లాంట్ పెట్టి, దానికి ఆసరాగా 'మ్యాట్రిక్స్' అనే షీటు వేస్తామన్నారు. అది పంది చర్మంతో చేసిందని తెలిసి ఇంట్లో గొడవ మొదలైంది. పైగా ఆ షీటుకు చెప్పిన ధర ఇంప్లాంటు ధరను మించిపోయింది. షీటు లేకుండా కుదరదా, ఒకే ఆపరేషన్‌తో అయిపోతుందా, తర్వాత కరెంటు (రేడియేషన్) పెడితే అంతా పాడవుతుందా అని అడిగారు.

నేను ప్లాస్టిక్ సర్జన్‌ని. కొంతకాలం వేలూరు వైపు, ఇప్పుడు తిరుపతిలో ఈ పనే చేస్తున్నాను. మీ అక్కగారిని నేను చూడలేదు, రిపోర్టులూ చూడలేదు. కాబట్టి ఇది సాధారణంగా చెప్పే సమాధానమే, ఆమె డాక్టరు మాటకు బదులు కాదు.

సూటిగా చెప్తాను. మ్యాట్రిక్స్ తప్పనిసరి కాదు. వాడితే మేలు జరిగే సందర్భాలు ఉన్నాయి, అనవసరంగా వాడి ఇబ్బంది తెచ్చుకునే సందర్భాలూ ఉన్నాయి. ఆమె విషయంలో ముందు తేలాల్సినవి రెండు. రొమ్ము తీశాక మిగిలే చర్మానికి రక్తప్రసరణ ఎలా ఉంటుంది? ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఉందా, లేదా? ఈ రెండింటికీ జవాబు దొరికితే షీటు ప్రశ్న దానంతటదే సగం తేలిపోతుంది. ఇంట్లో గొడవంతా షీటు మీదే జరుగుతోంది కానీ, ఫలితాన్ని నిర్ణయించేది అది కాదు.

ముందు షీటు అంటే ఏమిటో చెప్తాను, ఎందుకంటే దీని చుట్టూ భయాలు ఎక్కువ. మనిషి చర్మం (చనిపోయాక దానం చేసినవాళ్లది), పంది చర్మం, దూడ చర్మం, వీటిలో ఏదో ఒకదాన్ని తీసుకుని అందులోని కణాలన్నీ కడిగేస్తారు. మిగిలేది కొల్లాజెన్ అల్లిక మాత్రమే. కణాలు ఉండవు కాబట్టి కిడ్నీ మార్పిడిలో లాగా శరీరం దాన్ని తిరస్కరించడం, అందుకు జీవితాంతం మందులు మింగడం ఉండవు. వారాలు గడిచేకొద్దీ రోగి సొంత రక్తనాళాలు, కణాలు ఆ అల్లికలోకి పాకి దాన్ని తనలో కలుపుకుంటాయి. ఈ రకం షీట్లు 1990లలో కాలిన గాయాల కోసం వచ్చాయి. రొమ్ము పునర్నిర్మాణంలో వాడకం 2000 తర్వాతే ఊపందుకుంది.

ఆపరేషన్ థియేటర్‌లో చూస్తే అది తెల్లగా, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందంతో, తడిపిన దళసరి గుడ్డలా ఉంటుంది. సెలైన్‌లో బాగా కడిగి వాడతాం. మనిషి చర్మంతో చేసినదానికి రెండు వైపులూ ఒకటి కావు. ఏ వైపు ఏదో అనుమానం వస్తే ఒక చుక్క రక్తం రాసి మళ్లీ కడుగుతాం. ఒక వైపు ఎరుపు పోకుండా నిలిచిపోతుంది, రెండో వైపు కడగగానే తెల్లబడుతుంది. రక్తం పీల్చుకున్న వైపే పైకి, అంటే చర్మం వైపుకు తిప్పి కుట్టాలి, రక్తనాళాలు లోపలికి వచ్చేది అటు నుంచే.

దీని పని ఏమిటంటే, ఇంప్లాంటును ఛాతీ కండరం కింద పెట్టినప్పుడు ఆ కండరం పైభాగాన్ని మాత్రమే కప్పుతుంది. కింద, పక్కన ఖాళీ మిగులుతుంది. కండరం అంచు నుంచి రొమ్ము కింది మడత దాకా షీటును ఊయలలా కుడితే ఇంప్లాంటు కిందికి జారదు, పక్కకు పోదు, పలచటి చర్మానికి లోపల ఒక పొర ఆసరా దొరుకుతుంది. ఈ మధ్య కండరాన్ని కదిలించకుండా దాని పైనే ఇంప్లాంటు పెట్టే పద్ధతి పెరిగింది. అందులో షీటుతో ఇంప్లాంటు ముందు భాగాన్నో మొత్తాన్నో చుడతారు, కాబట్టి షీటు ఇంకా పెద్దది కావాలి, ఖర్చూ అంతే పెరుగుతుంది. లాభం ఏమిటంటే నొప్పి తక్కువ, చెయ్యి బిగించినప్పుడల్లా రొమ్ము ఎగిరిపడినట్టు కదలడం ఉండదు. కానీ చర్మం కింద కాస్తయినా కొవ్వు పొర ఉన్నవాళ్లకే అది నప్పుతుంది. బాగా సన్నగా ఉన్నవాళ్లలో ఇంప్లాంటు అంచు, ముడతలు పైకి కనిపిస్తాయి.

ఇంప్లాంటు చుట్టూ శరీరం కట్టుకునే పొర గట్టిపడి రొమ్ము బిగుసుకుపోవడం షీటు వాడినవాళ్లలో తక్కువగా కనిపిస్తుంది. అది నిజమైన లాభమే. మరోవైపు, లోపల నీరు చేరడం, ఇన్ఫెక్షన్ షీటు వాడినప్పుడు కాస్త ఎక్కువ.

ఇక మీ రెండో ప్రశ్న, ఒకే ఆపరేషన్‌లో అయిపోతుందా? అందరూ ఆశపడేది దీనికే. మత్తు ఒకసారి, బిల్లు ఒకసారి, లేచేసరికి రొమ్ము ఉంటుంది. నేను మాత్రం దీనికి అంత త్వరగా ఒప్పుకోను. నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పోలిక 2017లో 'లాన్సెట్ ఆంకాలజీ' పత్రికలో వచ్చింది. ఒక గుంపుకు పంది చర్మం మ్యాట్రిక్స్‌తో ఒకే దఫాలో ఇంప్లాంటు పెట్టారు. రెండో గుంపుకు మ్యాట్రిక్స్ లేకుండా ముందు ఎక్స్‌పాండర్ (సెలైన్ నింపుతూ చర్మాన్ని మెల్లగా సాగదీసే తాత్కాలిక సంచి), తర్వాత ఇంప్లాంటు. ఆపరేషన్ సంబంధిత ఇబ్బందులు మొదటి గుంపులో 46 శాతం మందికి వస్తే రెండో గుంపులో 18 శాతం మందికే వచ్చాయి. ఆ సర్జన్లలో కొందరికి ఈ పద్ధతి ఇంకా చేతికి రాలేదన్న విమర్శ ఉంది, అది కొట్టిపారేయలేం. తగిన రోగులను ఎంచుకుని బాగా చేసేవాళ్లు ఉన్నారు, మంచి ఫలితాలూ ఉన్నాయి. అయినా 'ఒకేసారి అయిపోతుంది' అని హామీగా చెప్పే మాట కాదు ఇది.

కారణం చర్మమే. రొమ్ము తీశాక మిగిలే చర్మానికి కింది నుంచి వచ్చే రక్తం ఆగిపోయి, చర్మంలోని సన్నటి నాళాల మీదే ఆధారపడుతుంది. అలాంటి చర్మం కింద పూర్తి సైజు ఇంప్లాంటు పెడితే ఆ బరువుకు, సాగుడుకు ఉన్న కాస్త రక్తం కూడా అందదు. అంచులు నల్లబడతాయి, కుట్లు విచ్చుకుంటాయి, ఇంప్లాంటు బయటపడుతుంది. షీటు లోపల ఉన్నంత మాత్రాన చర్మం బతకదు, పైగా షీటుకు ప్రాణం పోయాల్సిందే ఆ చర్మం. ఎక్స్‌పాండర్ అయితే దాదాపు ఖాళీగా పెట్టొచ్చు. గాయం మానాక, సుమారు రెండు వారాల నుంచి, కొంచెం కొంచెంగా సెలైన్ ఎక్కిస్తారు. తగినంత సాగాక, కొన్ని నెలల తర్వాత, చిన్న ఆపరేషన్‌తో దాని స్థానంలో ఇంప్లాంటు పెడతారు.

మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మకు ఒకే దఫా ప్లాన్ వేసుకున్నాం, షీటు కూడా తెప్పించాం. రొమ్ము తీశాక చూస్తే కింది అంచు చర్మం నీలంగా మారింది, నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి ఆలస్యమవుతోంది. అప్పటికప్పుడు ప్లాన్ మార్చి, ఎక్స్‌పాండర్‌లో నామమాత్రంగా నీరు పెట్టి కుట్టేశాం. షీటు ప్యాకెట్ విప్పలేదు కాబట్టి వాపసు పంపించాం. బయట కూర్చున్న ఆమె భర్తకు కోపం వచ్చింది, 'ఒకేసారి అన్నారు కదా సార్' అని. ఆయన తప్పేమీ లేదు, అంతకుముందు విన్నది అదే. ఆ అంచు కొంత నల్లబడి, కట్లతోనే మానింది. నిండు ఇంప్లాంటు ఉండి ఉంటే కట్లతో పోయేది కాదు. అందుకే మీ సర్జన్‌ను ఈ ప్రశ్న అడగండి: 'టేబుల్ మీద చర్మం బాగా లేదనిపిస్తే మీ రెండో ప్లాన్ ఏమిటి?' దీనికి వెంటనే, విసుక్కోకుండా జవాబు వస్తే మీరు సరైన చోటే ఉన్నారు.

చర్మాన్ని ముందే దెబ్బతీసే వాటిలో షుగర్, అధిక బరువు, పొగాకు ముఖ్యమైనవి. సిగరెట్ తాగే ఆడవాళ్లు మా దగ్గర అరుదే కానీ ఆకువక్కలో పొగాకు వేసుకునేవాళ్లు చాలామంది. అడిగితే 'నాకు ఏ అలవాటూ లేదు' అంటారు, ఎందుకంటే దాన్ని అలవాటుగానే లెక్కపెట్టరు. నికోటిన్ ఎలా వెళ్లినా నాళాలను ముడుచుకునేలా చేస్తుంది. కనీసం నాలుగు వారాల ముందు మానాలి. మీ అక్కగారికి ఉంటే ఈ రోజే ఆపించి, సర్జన్‌కు దాచకుండా చెప్పండి.

రేడియేషన్ గురించి. నాకు తెలిసినంతలో ఇంప్లాంటుకు అసలు పరీక్ష ఇదే. గడ్డ ఐదు సెంటీమీటర్లు దాటినా, చంకలో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ గ్రంథులకు క్యాన్సర్ పాకినా, రొమ్ము మొత్తం తీసేశాక కూడా కరెంటు పెట్టడం మామూలే. ఒకటి నుంచి మూడు గ్రంథులకు ఉన్నప్పుడు కూడా చాలామందికి సలహా ఇస్తారు. కీమో ముందే ఇచ్చిన మీ అక్కగారి లాంటి కేసుల్లో, కీమోకు ముందు ఎలా ఉంది, తర్వాత ఏం మిగిలింది అనేవి రెండూ చూస్తారు. కరెంటు పడ్డ చర్మం బిగుసుకుంటుంది, సాగే గుణం పోతుంది, ఇంప్లాంటు చుట్టూ పొర గట్టిపడి రొమ్ము పైకి లాగేసినట్టు అవుతుంది, కొందరిలో ఇంప్లాంటు తీసేయాల్సి వస్తుంది. మ్యాట్రిక్స్ ఉంటే ఈ ముప్పు కొంత తగ్గవచ్చు కానీ పోదు.

కాబట్టి ఆపరేషన్‌కు ముందే రేడియేషన్ డాక్టరును కలవండి. 'తీసిన రొమ్ము బయాప్సీ రిపోర్టు వచ్చాక చూద్దాం' అనే జవాబు చాలాచోట్ల వస్తుంది, చివరి నిర్ణయానికి అది కావాల్సిందే. కానీ ఇప్పుడున్న స్కాన్లు చూసి 'దాదాపు ఖాయం', 'ఉండకపోవచ్చు' అన్న అంచనా ఇవ్వగలరు. తిరుపతిలోనే స్విమ్స్ ఉంది, 2022లో మొదలైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు దాటితే వేలూరు సీఎంసీ ఉంది. రెండో అభిప్రాయం కోసం చెన్నై దాకా పరుగెత్తాల్సిన పని లేదు.

కరెంటు ఖాయమనుకుంటే నేను సాధారణంగా ఇచ్చే సలహా: ఇప్పుడు ఎక్స్‌పాండర్‌తో చర్మాన్ని కాపాడుకుని తర్వాత చూడటం, లేదా ఇప్పుడు ఏమీ పెట్టకుండా కరెంటు అయ్యాక కొన్ని నెలలు ఆగి వీపు నుంచో పొట్ట నుంచో సొంత కండ, కొవ్వు తెచ్చి చేయించుకోవడం. కరెంటు పడిన చోట సొంత కండ తట్టుకున్నట్టు ఉట్టి ఇంప్లాంటు తట్టుకోదు. వాయిదా వేస్తే అవకాశం పోతుందని చాలామంది టెన్షన్ పడతారు. పోదు. రెండేళ్లు, ఐదేళ్లు అయ్యాక చేయించుకున్నవాళ్లు ఉన్నారు. గాయం మానక కరెంటు ఆలస్యమైతే మాత్రం అసలు వైద్యానికే నష్టం. రొమ్ము ఆకారం కోసం క్యాన్సర్ వైద్యం వెనక్కి జరగకూడదు, దీనిలో మాత్రం నేను బేరాలు ఒప్పుకోను.

ఇప్పుడు పంది చర్మం, మతం, మనసు సంగతి. ఇంట్లోవాళ్ల అభ్యంతరాన్ని చాదస్తం అని తీసేయొద్దు. రోగి శరీరంలో శాశ్వతంగా ఉండిపోయే వస్తువు ఏ జీవి నుంచి వచ్చిందో ముందే చెప్పడం మా బాధ్యత, ఒప్పుకోకపోవడం ఆమె హక్కు. పంది వద్దనే ముస్లిం కుటుంబాలు, ఆవు వద్దనే హిందూ కుటుంబాలు, ఏదీ వద్దనే శాకాహారులు, అందరూ మా దగ్గరకు వస్తారు. ఆపరేషన్ రోజు పొద్దున సంతకం పెట్టించేటప్పుడు కాకుండా ఇప్పుడే తెలియడం మంచిదే అయింది. కాకపోతే నిర్ణయం మీ అక్కగారిది. ఆమెకు అభ్యంతరం లేకపోతే మిగతావాళ్ల ఓటు లెక్కలోకి రాదు.

వద్దనుకుంటే దారులున్నాయి. టైటానియం పూత వేసిన ప్లాస్టిక్ మెష్ ఉంది, చాలా పలచన, జంతువుతో సంబంధం లేదు, సాధారణంగా మ్యాట్రిక్స్ కన్నా చవక. కుట్ల దారం పదార్థంతోనే అల్లిన, సుమారు రెండు నెలల్లో కరిగిపోయే మెష్ కూడా కొందరు వాడతారు. నాకు ఇంకా ఇష్టమైనది మూడోది, పైసా ఖర్చు లేనిది. రొమ్ము పెద్దగా, కిందికి జారి ఉన్నవాళ్లలో కింది భాగం చర్మం ఎలాగూ ఎక్కువై కత్తిరించి పారేస్తాం. దాన్ని పారేయకుండా పై పొర గీకేసి, లోపలికి మడిచి, కండరం అంచుకు కుడితే సొంత చర్మమే మ్యాట్రిక్స్ అవుతుంది. దానికి అప్పటికే రక్తప్రసరణ ఉంది కూడా. పలమనేరు దగ్గర పాడి పెట్టుకున్న ఒకావిడకు ఇలాగే చేశాం. షీటు కొటేషన్ చూసి 'రెండు జెర్సీ ఆవులొస్తాయి సార్' అన్న మనిషి ఆవిడే. చిన్న రొమ్ములున్నవాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు, చర్మం చాలదు. మీ అక్కగారి విషయంలో వీలవుతుందేమో ఒక్కమాట అడగండి, కొందరు సర్జన్లు అడిగితే తప్ప దీని ఊసెత్తరు.

అసలు పునర్నిర్మాణమే వద్దనుకోవడం కూడా ఒక నిర్ణయమే. బ్రాలో పెట్టుకునే సిలికాన్ రొమ్ములు, నూలుతో అల్లినవి దొరుకుతాయి. వాటితో హాయిగా ఉన్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఆపరేషన్ తర్వాతి రోజుల గురించి కొన్ని మాటలు, ఎందుకంటే వీటిని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. లోపల చేరే నీటిని బయటికి లాగే డ్రెయిన్ గొట్టాలతోనే ఇంటికి పంపుతారు. రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో నోట్‌బుక్‌లో రాయాలి. సాధారణంగా వరసగా రెండు రోజులు 30 కన్నా తగ్గితే తీసేస్తాం. షీటు వేసినవాళ్లకు ఎక్కువ రోజులు ఉండొచ్చు. ముందు జిప్పు ఉన్న నైటీలు, ముందు హుక్కుల వదులు జాకెట్లు సిద్ధం చేసుకోండి, చెయ్యి పైకెత్తి తొడుక్కునేవి కుదరవు. మన ఎండల్లో చెమటకు డ్రెయిన్ చుట్టూ ప్లాస్టర్ ఊడిపోతుంటుంది, దాన్ని ఇంట్లో టేపుతో అతికించకుండా డ్రెస్సింగ్ మార్పించండి.

పీలేరు నుంచి తిరుపతికి భాకరాపేట ఘాట్ మీదుగా రావాలి. ఎక్స్‌పాండర్ అయితే వారం పది రోజులకోసారి నింపించుకోవడానికి ఆ దారిలో తిరగాలి, ఇది మీ లెక్కలో వేసుకోండి. అంతకన్నా ముఖ్యం, జ్వరం, చలి, రొమ్ము వేడెక్కి ఎర్రబడటం, డ్రెయిన్‌లో చీములాంటిది రావడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు రావాలి. 'రేపు బస్సుకు వస్తాం' అనకూడదు. తొలి రోజుల్లో రెండు వారాలైనా తిరుపతిలో బంధువుల ఇంట్లో ఉంటే నాకు నిద్ర పడుతుంది. మ్యాట్రిక్స్ ఉన్న చోట మాత్రమే, జ్వరం లేకుండా, వేడి లేకుండా ఎరుపు వచ్చి తగ్గిపోయే సందర్భం ఒకటుంది. కానీ అది ఇదీ అని తేల్చాల్సింది చూసిన డాక్టరు, ఫొటో చూసిన వాట్సాప్ కాదు.

ఆ రొమ్ముకు స్పర్శ చాలావరకు ఉండదు. వేడినీళ్ల బ్యాగు, హీటింగ్ ప్యాడ్ దాని మీద పెట్టొద్దు, కాలినా తెలియదు. ఎక్స్‌పాండర్లలో చాలావాటికి అయస్కాంతం ఉంటుంది, అది లోపల ఉన్నన్నాళ్లూ ఎంఆర్ఐకి ఎవరైనా రాస్తే ముందే చెప్పాలి. మొక్కు ఉంది, కొండ ఎక్కొచ్చా అని ప్రతి రెండో మనిషీ అడుగుతారు. గాయాలు పూర్తిగా మానాక, సర్జన్ సరేనన్నాక అలిపిరి మెట్లెక్కడానికి అభ్యంతరం లేదు. కరెంటు నడుస్తున్న వారాల్లో మాత్రం వద్దు, చర్మం చెమటకు ఒరుసుకుపోతుంది. ఆపరేషన్ అయిన వైపు భుజానికి సంచి తగిలించుకోవద్దు. కీమోకు జుట్టు పోయిన వాళ్లకు ఒక్క మేలు, గుండుతో నడిస్తే ఎవరూ తిరిగి చూడని ఊరు ఇదొక్కటే.

ఇంప్లాంటు వల్ల క్యాన్సర్ తిరిగి వస్తుందా, వస్తే కనిపించకుండా దాక్కుంటుందా అని కూడా అడుగుతుంటారు. రెండూ కాదు. తిరిగొస్తే ఎక్కువగా చర్మం కిందే వస్తుంది, చేతికి తగులుతుంది. గరుకు ఉపరితలం ఉన్న కొన్ని ఇంప్లాంట్లతో అరుదైన ఒక లింఫోమాకు (రోగనిరోధక కణాల్లో వచ్చే క్యాన్సర్) సంబంధం తేలి, 2019లో ఒక రకాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. కాబట్టి 'నున్నటిదా, గరుకుదా' అని అడగండి. ఏదైనా సరే జీవితాంతం ఉండే వస్తువు కాదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు. సిలికాన్ ఇంప్లాంటు లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు కాబట్టి, ఐదారేళ్లకు ఒకసారి, తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ చేయించుకోమని అమెరికా ఎఫ్‌డీఏ సలహా. రెండో రొమ్ముకు ఏటా మామోగ్రామ్ మామూలే.

చివరగా డబ్బు. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే, 'కాస్మెటిక్, కవర్ కాదు' అన్న జవాబును అక్కడితో వదిలేయకండి. మన దేశంలోని ఆరోగ్య బీమా పాలసీల్లో ప్రామాణిక మినహాయింపు కోడ్ 08 కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీని మినహాయిస్తుంది. కానీ ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. ముందస్తు అనుమతి కాగితంలో సర్జన్‌తో 'క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణం' అనే రాయించండి, ఉట్టి 'బ్రెస్ట్ ఇంప్లాంట్' అని కాదు. షీటుకు విడిగా పరిమితి ఉందేమో లిఖితపూర్వకంగా అడగండి. ప్రభుత్వ పథకం కింద అయితే రొమ్ము తీయడం వరకేనా, ఇంప్లాంటు, షీటు కూడా కలిసి ఉన్నాయా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ఆపరేషన్‌కు ముందే అడగాలి. డిశ్చార్జి రోజు ఇంప్లాంటు, షీటు స్టిక్కర్లు అతికించిన కార్డు అడిగి తీసుకోండి. కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు దాని మీదే ఉంటాయి. దాన్ని ఆధార్ కార్డుతో పాటు దాచిపెట్టండి.

స్కాన్ రిపోర్టులో గడ్డ సైజు, చంక గ్రంథుల వివరం, షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ, బరువు, ఎత్తు ఇక్కడ రాయండి. పేరు, ఆసుపత్రి నంబరు చెరిపేశాకే.